లోపలినుంచి తెరుచుకోని తలుపు

కలకత్తాలో ఓడల డాకు గేటు నుంచి గంగ ఒడ్డు దాకా ఎవరినైనా అడగండి. గవరయ్య చెయ్యి పడిన బండి మళ్లీ రిపేరు మెస్త్రీ గుమ్మం తొక్కి ఎరగదు. ఈ విద్య నాకెవరూ నేర్పలేదు. ఊళ్లో అయిదో తరగతిలో ఉండగా పంతులుగారి సైకిలు విప్పి మళ్లీ బిగిస్తే మూడు మరలు మిగిలిపోయాయి. అయినా ఆ సైకిలు మునుపటికంటే తేలిగ్గా నడిచింది. ఏ బండిలోనైనా కొన్ని మరలు ఊరికే ఉంటాయని ఆ రోజే గ్రహించాను. అప్పటినుంచీ అదే నా పద్ధతి.

సరే, మనం ఎక్కడున్నాం? పోయినవారం మిమ్మల్ని ఖిదిర్‌పూర్ రోడ్డు మీద, ఊరేగింపు మధ్యలో, మా మేటడోరులో కూర్చోబెట్టి నా దారిన నేను పోయాను. మీకు వారం గడిచింది గానీ మా బండి అంగుళం కదల్లేదు. సంవత్సరం తొంభై ఏడు, వానాకాలం, శుక్రవారం, పగలు పదకొండున్నర. స్టీరింగు దగ్గర నేను. అటు చివర, తలుపు పక్కన, నా బావమరిది పోలిరాజు. ఇద్దరికీ మధ్య ఇంజను మీది రేకు డొప్ప, పెనంలా కాలుతూ. కలకత్తాలో చిన్న సరుకు బండి ఏదైనా మేటడోరే, ఏ కంపెనీదని ఎవరూ అడగరు. మాది ఏ కంపెనీదో బండికే గుర్తుండి ఉండదు, అన్ని ముక్కలు మార్చాం.

ఆ రోజుతో మా ఫిట్‌నెస్ కాగితం గడువు ఆఖరు. ఒంటిగంటకి రవాణా ఆఫీసులో ముద్ర వేసే కిటికీ మూస్తారు. "పాతబండి కాగితం ఒక్కసారి చచ్చిందంటే బతికించడం నావల్ల కాదు" అని కాగితాల బ్రోకరు ముందే చెప్పేశాడు. ముద్ర పడితే ఇంకో ఏడాది తిండి. పడకపోతే బండి తుక్కులోకి, మేమిద్దరం వీధిలోకి. డాకులో బస్తాలు మోసిన మా భుజాలను పెద్ద క్రేన్లు వచ్చి ఏనాడో ఇంటికి పంపేశాయి. వెనక్కి వెళ్దామంటే ఆ గేటు మాకు లేదు. ముందుకు వెళ్దామంటే ఎదర ఎర్రజెండాలు. చూపు ఆనినంత మేర జనం.

కొత్తగా చదివేవారికి మా సగాల సంగతి చెప్పాలి. బండి కొన్న మొదటి నెలలోనే నేనూ పోలిరాజూ రిపేర్ల దగ్గర జుట్టూ జుట్టూ పట్టుకున్నాం. నా భార్య అమ్మన్నమ్మ, అంటే వాడి అప్ప, సున్నం డబ్బా తెచ్చి, డ్రైవరు గది వెనక బండికి అడ్డంగా గీత గీసేసింది. "ముందు సగం మీది, ఎనక సగం ఆడిది. ఎవుడి సగం ఆడు బాగుసేసుకోండి. గీత దాటినోడికి ఆ పూట కూడు లేదు" అంది. పన్నెండేళ్లు ఆ గీత దాటలేదు మేం. ముందు దీపాలు నావి, వెనక దీపాలు వాడివి. ముందు బ్రేకు నేను, వెనక బ్రేకు వాడు. ఇంజను నుంచి వెనక చక్రాలకు పోయే పొడవాటి రాడ్డు ఒక్కటే గీతకి అటూ ఇటూ ఉంది. దానికి గ్రీజు ఎవరు పెట్టాలో తేలక పన్నెండేళ్లూ అది కీచుమంటూనే తిరిగింది.

నా సగాన్ని నేనెంత ముద్దుగా చూసుకున్నానని! మూతపడిన సినిమాహాలు కుర్చీలు తెచ్చి సీట్లు చేశాను. వైపరు మోటారు చచ్చిపోతే రెండు వైపులా తాడు కట్టి, నేనొకసారి, పక్కవాడొకసారి లాగేలా అమర్చాను. హుగ్లీ మీద తిరిగే లాంచి హారను సంపాదించి బిగించాను. మొదటిసారి మోగిస్తే ఘాట్ దగ్గర జనం టిక్కెట్లు పట్టుకుని రోడ్డు మీదికి పరుగెత్తుకొచ్చారు.

ఇక తలుపులు. నా వైపు తలుపు మలుపులో ఊడి తెరుచుకునేది. ఒకసారి నేనే మలుపులో జారి ఒక చేపలబుట్ట పక్కన కూర్చున్నాను. దాంతో ఆ తలుపు శాశ్వతంగా వెల్డింగు చేయించి, కిటికీకి ఇనపజాలీ కొట్టాను. పోలిరాజు వైపు తలుపుకి లోపలి పిడి విరిగితే బాగుచేశాను. బాగుచేశాక అది బయటినుంచి వెన్నలా తెరుచుకునేది. లోపలినుంచి మాత్రం ఏనుగు తన్నినా రాదు. ఆ వైపు కిటికీ అద్దం పైన నాలుగు వేళ్ల సందు వదిలి బిగుసుకుపోయింది. చెయ్యి బయటికి పెట్టి తీద్దామన్నా కుదరదు. అయితే కలకత్తాలో అది ఇబ్బందే కాదు. ఎక్కడ ఆగినా తలుపు దబదబ బాది, "దాదా, ఏక్‌టు ఖూలే దిన్" అంటే చాలు. దారిన పోయే ఏ బెంగాలీ బాబో, కొంచెం తెరవమన్నాం గదా అని, పాపం, గొడుగు చంకలో పెట్టుకుని మరీ తెరిచి పోయేవాడు. ఇన్‌స్పెక్టరు భయం కూడా లేదు. ఆయన తెరిచేది బయటినుంచే గదా! వెల్డింగు తలుపు వైపు గోడ ఉండేలా బండి ఆపుతాం.

ఇప్పుడు నా మొదటి మాట మళ్లీ చదువుకోండి. నా చెయ్యి పడిన బండి మెస్త్రీ గుమ్మం తొక్కి ఎరగదన్నాను. అక్షరాలా నిజం. మెస్త్రీలు తొక్కనిస్తే గదా! ఏక్‌బాల్‌పూర్‌లో ముగ్గురు మెస్త్రీలుండేవారు. మా కీచు వినపడగానే ముగ్గురూ ఒకేసారి షట్టర్లు దించేసేవారు.

నేనూ పోలిరాజూ మాట్లాడుకుని మూడు నెలలయింది. ఆ రాడ్డు గ్రీజు దగ్గరే మాట తెగింది. ముద్ర దగ్గర ఇద్దరి సంతకాలూ ఉండాలి కాబట్టి కలిసి బయలుదేరాం గానీ, ఏదైనా చెప్పాల్సివస్తే ఎదుట వేలాడుతున్న నిమ్మకాయతో చెప్పుకుంటున్నాం.

"పన్నెండు అవతంది" అన్నాడు పోలిరాజు నిమ్మకాయతో. "పెందలాడే బయలెల్లుంటే ఈపాటికి ముద్ర పడిపోను."

"ఎనక సగం ఓళ్లకి తెల్లారితే గదా" అన్నాను నేను, అదే నిమ్మకాయతో.

"ముందు సగం ఓళ్లు బండి స్టార్టు సెయ్యడానికే గంట పట్టింది."

"ముందు సగానికి ఏ లోటూ లేదు. టైర్లు సూస్తే సాలు, ఇన్‌స్పెక్టరు ఎనక్కే రాడు. గాడిలో ఏలు పెడితే ఏలు ములిగిపోతాది."

నిమ్మకాయ అటూ ఇటూ ఊగింది. పోలిరాజు నవ్వాడు, పెదవి చివర.

"ఎనకవి కూడా అలాగే ఉన్నాయి. ఎవుడైనా సూస్తే గదా."

"ఎనకవి బోడిగుండ్లు."

"మంగళారం దాకా. బుధారం మార్చీసినాను."

నేను నిమ్మకాయని వదిలేశాను. మూడు నెలల తరవాత మొదటిసారి వాడి మొహంలోకి చూశాను.

"ఎక్కడివిరా?"

"నీకేల? ఎనక సగం నాది."

"ఎక్కడివిరా అంటే!"

"నీవెక్కడివి? అది సెప్పు ముందల."

"నాకు... ఒకాయన ఇచ్చినాడు."

"నాకూ ఒకాయనే ఇచ్చినాడు."

"ఇచ్చినాడా?"

పోలిరాజు మెడ తుడుచుకున్నాడు. "ఊళ్లో లేడు. ఉంటే ఇచ్చీవోడే."

బయట ఊరేగింపు గర్జిస్తోంది. ఒకే షెడ్డులో మా బండి పక్కన నిలిచే బండి ఒక్కటే ఉంది. ఊళ్లో లేని ఆసామీ ఒక్కడే ఉన్నాడు.

"బైరాగన్నవా?" అన్నాను.

"బైరాగన్నవే" అన్నాడు.

ఆయన్ని అందరూ లిలువా బైరాగి అంటారు. లిలువా రైల్వే వర్క్‌షాపులో రైలుపెట్టెలకు రంగులు వేసి రిటైరయ్యాడు. మా వీధిలో ఇల్లు తీసుకుని, మాలాగే ఒక మేటడోరు పెట్టుకున్నాడు. గట్టిగా నాలుగు మాటలు మాట్లాడని మనిషి. రైలుపెట్టె రంగు మీద మమకారం చావక, బజారులో అదే ఎర్రరంగు కొనుక్కొచ్చి తన బండి చక్రాలకు వేసుకునేవాడు. అత్తగారి దినానికని భార్యతో పలాస వెళ్తూ, "బండి ఓ కంట సూస్తుండు" అని నాకు చెప్పాడు. పోలిరాజుకీ చెప్పాడట. ఇద్దరం చూశాం. బాగా చూశాం.

ఫిట్‌నెస్ రోజున పక్కవాడి మంచి టైర్లు అరువు తెచ్చి బిగించుకోవడం మాలో తప్పు కాదు. అందరూ చేసేదే. ముద్ర పడ్డాక ఎవరివి వారికి. అయితే అడిగి తెచ్చుకుంటారు. మంగళవారం పోలిరాజు సరుకు మాట్లాడడానికి లాంచిలో షాలిమార్ వెళ్లిన వేళ, నేను జాకీ పెట్టి బైరాగి ముందు చక్రాలు రెండూ విప్పి మా బండికి వేసి, మా బోడిగుండ్లు ఆయన బండికి తొడిగాను. ఎర్రరంగు కనపడకుండా దీపం మసి, కిరసనాయిలు కలిపి పూశాను. ఆయన బండి ఎప్పుడూ మూతి గోడకి ఆనించి ఉంటుంది, ముందు చక్రాలు ఎవరి కంటా పడవు. బుధవారం నేను రేషను క్యూలో ఉండగా పోలిరాజు ఆ బండి వెనకనుంచి వచ్చాడు. వెనకవి రెండూ మార్చాడు. వాడూ మసే పూశాడు. వాడి సగం నేను చూడను, నా సగం వాడు చూడడు. మాట్లాడుకునే ఇద్దరు దొంగలు అయితే రెండు టైర్లతో ఆగిపోయేవారు.

"రేపు శనారం తిరిగి తొడిగీద్దారనుకున్నాను" అన్నాడు పోలిరాజు.

"నానూ అదే అనుకున్నాను."

"అయితే ఇప్పుడాయన బండికి..."

"నాలుగూ మనవే. నాలుగూ బోడిగుండ్లే."

"అప్పకి తెలిస్తే?"

"ఆ మాట అనకు. ఇప్పటికే ఊపిరాడట్లేదు."

వాడు తల రెండు చేతులతో పట్టుకున్నాడు. కిందికి చూస్తూనే అన్నాడు. "బావా, మూణ్ణెల్లు నీకాడ మాట్లాడకుండా ఉండడం నాకు సులువనుకున్నావేటి? ఆ రాడ్డుకి గ్రీజు నానే పెడుదును. రెండుసార్లు డబ్బా అట్టుకెళ్లినాను. గీత మీద నిలబడి ఎనక్కొచ్చీసినాను. నువ్వు సూసి నవ్వుతావని."

నేనూ ఒకసారి డబ్బా పట్టుకెళ్లాను. ఆ సంగతి వాడికి చెప్పబోయాను. ఇంతలో వాన పడింది.

కలకత్తా వానకి ముందు చినుకులుండవు. పైనుంచి బాల్చీ బోర్లించినట్టు పడింది. ఊరేగింపు చెదరలేదు, జెండాలు తడిసి కర్రలకు అంటుకుపోయాయి, అంతే. అలవాటుగా ఇద్దరం వైపరు తాళ్లు అందుకున్నాం. నేను లాగితే వాడు వదిలాడు, వాడు లాగితే నేను వదిలాను. అద్దం శుభ్రపడింది. ఊరికే పక్క అద్దంలో వెనక్కి చూశాను.

మా వెనక చక్రం కింద రోడ్డు నల్లగా పారుతోంది. మసి కారిపోతోంది. కారిన చోట రైలుపెట్టె ఎరుపు, పెళ్లికూతురి పారాణిలా, నిగనిగ.

ఇంకాస్త వెనక, నాలుగు బండ్ల అవతల, ఒక నీలం మూతి. షెడ్డులో గోడకి ఆని ఉండాల్సిన మూతి. దాని తలుపు తెరుచుకుంది. పలాసలో ఉండాల్సిన మనిషి తువ్వాలు నెత్తిన వేసుకుని దిగాడు. రైలు దిగిన హడావిడిలో ఇప్పటిదాకా చూడలేదు కాబోలు, మొదట తన ముందు చక్రం దగ్గర వంగాడు. చాలాసేపు చూశాడు. తరవాత లేచి, ఆగిన బండ్లను ఒక్కొక్కటే చూసుకుంటూ మావైపు నడవడం మొదలుపెట్టాడు.

"పోలీ, దిగరా."

"ఎలా దిగమంటావు?"

"బాదరా!"

వాడు తలుపు బాదాడు. నాలుగు వేళ్ల సందులో మూతి పెట్టి, "దాదా! ఖూలే దిన్! ఏక్‌టు ఖూలే దిన్!" అని అరిచాడు. పక్కనే పోతున్న జనం అదే సమయానికి పిడికిళ్లు ఎత్తి, "చొల్‌బే నా! చొల్‌బే నా!" అన్నారు. కుదరదు, కుదరదు అని.

"ఖూలే దిన్!"

"చొల్‌బే నా!"

"దరోజా ఖూలే దిన్!"

"చొల్‌బే నా, చొల్‌బే నా!"

వరస బాగా కుదిరిపోయింది. బట్టతలాయన ఒకడు మా పోలిరాజు ఆవేశానికి మెచ్చుకుని, కిటికీ దగ్గరికొచ్చి ఇంకాస్త గట్టిగా అనమని చేత్తో ప్రోత్సహించి ముందుకు సాగిపోయాడు. నేను లాంచి హారను మోగించాను. దానికీ వాళ్లు జవాబిచ్చారు.

అద్దంలో బైరాగి పెద్దవాడవుతున్నాడు. మూడో బండి. రెండో బండి. నా పక్కన వెల్డింగు తలుపు, దాని కిటికీకి ఇనపజాలీ, మోకాలికి కాలుతున్న రేకు. ఈ బోనుకి కమ్మీలు ఒక్కొక్కటీ నా చేత్తో నేనే బిగించుకున్నాను. తాళం ఎక్కడుందంటే బయట, ఆ వచ్చే మనిషి చేతికి అందేలా.

ఆయన మా వెనక చక్రం దగ్గర ఆగాడు. వేలితో మసి తుడిచాడు. వేలు చూసుకున్నాడు. ముందు చక్రం దగ్గరికి వచ్చి మళ్లీ తుడిచాడు. తరవాత పోలిరాజు కిటికీ దగ్గర నిలబడ్డాడు. వాన ఆయన ముక్కు మీదినుంచి కారుతోంది. కుడిచేతిలో మూరెడు పానా ఉంది, చక్రాల నట్లు విప్పేది.

"గవరయ్యా, దిగు" అన్నాడు.

"దిగలేం అన్నా" అన్నాను.

"దిగమంటున్నాను."

"ఒట్టు అన్నా. లోపల్నుంచి రాదు. నువ్వే తియ్యాల."

ఆయన తలుపు వంక చూశాడు. మా వంక చూశాడు. మమ్మల్ని అక్కడే వదిలేసి పోవచ్చు. పోలీసుని పిలవచ్చు. వాటన్నిటికీ ఆయనకి వీలుంది. ఆయన పిడి తిప్పాడు. తలుపు వెన్నలా తెరుచుకుంది.

పోలిరాజు దిగబోయాడు. బైరాగి వాడి భుజం మీద చెయ్యి వేసి లోపలికే తోశాడు. వాడు జరిగి ఆ మండే డొప్ప మీద కూర్చుని కెవ్వుమన్నాడు. బైరాగి ఎక్కాడు. సినిమా కుర్చీలో కూర్చున్నాడు. తలుపు వైపు చెయ్యి చాచాడు.

"అన్నా, ఎయ్యకు! ఆగన్నా, ఆ తలుపు..."

టక్‌మని పడింది.

ముగ్గురం. ఊరేగింపు తోక మమ్మల్ని దాటిపోయింది. ముందు పోలీసు ఈల వేశాడు. ఎదర రోడ్డు, వానలో, ఖాళీగా తెరుచుకుంది. వెనక, డ్రైవరు లేని నీలం బండి కదలక, దాని వెనకవాళ్లు హారన్లు మోగిస్తున్నారు. పోలిరాజు గడియారంలో పన్నెండూ ఇరవై అయిదు.

"పోనీ" అన్నాడు బైరాగి.

"ఎక్కడికన్నా?"

"ముద్రకాడికే."

"మరి నీ బండో?"

బైరాగి తన వైపు వైపరు తాడు అందుకున్నాడు.

ఇక్కడ ఒక సంగతి ఒప్పుకుని తీరాలి. ఆ పానా నేను కల్పించాను. ఈ కథ చెప్పినప్పుడల్లా ఆయన చేతిలో అది పెడుతూనే ఉన్నాను. ఒకసారి గడ్డపార కూడా చేశాను. ఆయన చేతిలో ఇనుము ఉంటే వినేవాళ్లు మమ్మల్ని చూసి జాలిపడతారు గదా, అందుకు. నిజానికి ఆ చేతిలో పానా లేదు. తడవకుండా ప్లాస్టిక్ సంచిలో చుట్టిన ఫిట్‌నెస్ కాగితం ఒకటి ఉంది. ఆయన దాన్ని విప్పి, జాగ్రత్తగా చదును చేసి, అద్దం కింద మా కాగితం పక్కనే పెట్టాడు. దాని మీద నంబరు ఆయన నీలం బండిది. గడువు తేదీ మాత్రం మాదే. ఆ రోజే.